గోర్డన్ అవతలికి మారుతున్నాడట

గురువారం పొద్దున్న గోర్డన్ పిల్లింగర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. బేకరీకి వెళ్ళి బ్రెడ్డు కొనాలి, ఇంటికొచ్చి టీ తాగాలి, మధ్యాహ్నం లోపల ఒక నిర్ణయం తీసుకోవాలి. బ్రెడ్డు మాత్రం కొన్నాడు.

నిర్ణయం కెమెరా గురించి. మా కుర్రంబా పెలికన్స్ ఫుట్‌బాల్ క్లబ్బుకి గోర్డన్ ఇరవై రెండేళ్ళుగా ఫొటోగ్రాఫరు. జీతమూ లేదు, బత్తెమూ లేదు. మైదానం గీత పక్కన, స్కోరుబోర్డు కింద మడత కుర్చీ వేసుకునే హక్కు ఒక్కటే ఉంది. రిటైరైన పోస్టుమాస్టరుకి ఊళ్ళో తన అవసరం ఇంకా ఉందనిపించే చోటు అదొక్కటే కాబట్టి, ఆ కుర్చీ అంటే ఆయనకి ప్రాణం. అలాంటిది, కొన్నేళ్ళుగా కుడి భుజం పట్టేసి, ఇటుకలాంటి ఆ పాత కెమెరా ఎత్తేసరికి చెయ్యి వణకడం మొదలైంది. ఫొటోలన్నీ మసకేసి వస్తున్నాయి. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే కుర్చీ తీసేస్తారని భయం.

ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ అని కొత్తరకం కెమెరాలు వచ్చాయనీ, వాటిలో ఎగిరెగిరి పడే అద్దం ఉండదనీ, చెయ్యి వణికినా బొమ్మ వణకదనీ ఫిబ్రవరిలో ఎక్కడో చదివాడు. అప్పట్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. సోమవారం కొనేద్దామంటాడు, మంగళవారం వద్దంటాడు. పాత లెన్సులు దానికి పడతాయా అంటాడు. గడ్డి కోస్తూ కోస్తూ సగంలో మిషను వదిలేసి ఇంట్లోకి పరిగెత్తి మరో రివ్యూ చదువుతాడు. వాళ్ళ పెరట్లో ఏడు నెలలుగా గడ్డి ఒకవైపు పొట్టిగా, ఒకవైపు పొడుగ్గా ఉంటోంది.

ఇప్పుడు సెప్టెంబరు వచ్చింది. పాతది ఇచ్చి కొత్తది తీసుకునే అవకాశం శుక్రవారంతో సరి అని మెల్‌బోర్న్ దుకాణం వాళ్ళు చెప్పేశారు. శనివారం ఫైనల్. అదీ నదికి అవతలున్న బార్లీ క్రాసింగ్ వాళ్ళతో.

"నన్ను పెళ్ళి చేసుకునేటప్పుడు కూడా నువ్వింత ఆలోచించలేదు," అంది గోర్డన్ భార్య వెర్నా, క్లబ్బు జెర్సీలు తీగ మీద ఆరేస్తూ. పద్దెనిమిదేళ్ళుగా పెలికన్స్ బట్టలన్నీ ఉతికేది ఆవిడే.

"అప్పట్లో రివ్యూలు ఉండేవి కావు కదా," అన్నాడు గోర్డన్.

"మధ్యాహ్నం లోపల తేల్చు. లేకపోతే పాతదాన్నీ నిన్నూ కలిపి నదిలో పారేస్తా."

సరిగ్గా బేకరీలో నిలబడ్డప్పుడు మెల్‌బోర్న్ దుకాణం ఆవిడ ఫోను చేసింది. గోర్డన్ ఓ పక్కకి జరిగాడు. బేకరీ నడిపే కొలీన్ అప్పుడే ఆయన బ్రెడ్డుని ముక్కలు కోసే మిషనులో పెట్టింది. ఆ మిషను కొలీన్ మామగారి కాలంనాటిది. గరగరమంటూ కాసేపు ఊళ్ళో ఇంకే శబ్దమూ వినపడనివ్వదు, మధ్యలో ఊపిరి తీసుకోవడానికా అన్నట్టు ఆగుతుంది. ఆగినప్పుడల్లా కొలీన్ చెవిన ఒక్కో ముక్క పడింది.

"ఇరవై రెండేళ్ళు వీళ్ళతోనే ఉన్నానమ్మా, ఒక్కసారిగా వదిలెయ్యాలంటే..."

గరగర.

"ఒప్పుకుంటాను. ఇప్పుడు అవతలివాళ్ళే ముందున్నారు..."

గరగర.

"మారితే పూర్తిగానే మారతాను. సగం సగం నాకొద్దు."

గరగర.

"రేపు చేతికొస్తే చాలు, శనివారం ఫైనల్లో కొత్తదాంతోనే దిగుతా. మావాళ్ళకి మాత్రం ఏమీ తెలీకూడదు."

కొలీన్ మిషను ఆపేసింది. ఆవిడ మొగుడు పెలికన్స్‌కి ఆడాడు, ఇద్దరు కొడుకులు ఆడారు, బేకరీ గోడలకి వేసినవి కూడా క్లబ్బు రంగులే, నలుపూ తెలుపూ.

"నిజంగానే మారిపోతున్నావా గోర్డన్?"

విననే విందిగా, దాచి లాభం లేదనుకున్నాడు గోర్డన్. "ఇంకా తేల్చుకోలేదు. నువ్వయితే ఏం చేస్తావు?"

"నేనయితే చస్తాగానీ మారను!"

"అలా అంటావుగానీ, బోలెడు బరువు తగ్గుతుంది కొలీన్."

"బరువు కాదు, సిగ్గు తగ్గుతుంది," అని కొలీన్ బ్రెడ్డుని బల్ల మీదికి విసిరినట్టే పెట్టింది.

కెమెరాల విషయంలో కొలీన్‌కి ఇంత పట్టింపు ఉందని గోర్డన్‌కి అంతవరకూ తెలియదు. ఊళ్ళో మనకి తెలియని మనుషులు ఎంతమందో అనుకుంటూ మాంసం కొట్టుకి నడిచాడు. కొలీన్ వేళ్ళు ఫోను మీదికి అంతకంటే వేగంగా నడిచాయి.

కొట్టులో నార్మ్ సాసేజీలు కాగితంలో చుడుతూ తలెత్తకుండా అన్నాడు. "మా నాన్న పోయేదాకా నలుపు తెలుపే. పెట్టెలో పడుకోబెట్టినప్పుడు కూడా నలుపు తెలుపే."

నలుపు తెలుపు ఫొటోలంటే గోర్డన్‌కీ గౌరవమే. "పాతకాలం మనుషులు నార్మ్. వాళ్ళ పద్ధతి వేరు. కానీ రంగులకీ ఓ అందం ఉంది. ముఖ్యంగా ఆ ఎరుపూ పసుపూ ఉన్నాయి చూడు, కొత్తదాంట్లో కళ్ళు చెదిరేలా ఉంటాయట!"

ఎరుపు, పసుపు బార్లీ క్రాసింగ్ వాళ్ళ రంగులు. నార్మ్ కట్టిన కాగితం విప్పాడు. సాసేజీలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ పళ్ళెంలో పెట్టుకున్నాడు.

"అయిపోయాయి," అన్నాడు.

"అవిగో, కళ్ళముందే ఉన్నాయిగా?"

"నీకు అయిపోయాయి."

గోర్డన్ బయటికొచ్చి బుర్ర గోక్కున్నాడు. కెమెరా మార్చడం ఇంత పెద్ద తప్పయితే ఆ రివ్యూలు రాసినవాళ్ళలో ఒక్కడైనా చెప్పాలి కదా అనిపించింది.

పదకొండయ్యేసరికి క్లబ్బు ప్రెసిడెంటు మెర్వ్ టూయీ గోర్డన్ వాళ్ళ పెరట్లో నిలబడి, తీగ మీదున్న జెర్సీలని తడితడిగానే లాగి సంచిలో కుక్కుతున్నాడు. వెర్నా పరిగెత్తుకొచ్చింది.

"ఏం చేస్తున్నావు మెర్వ్? ఇంకా నీళ్ళు కారుతున్నాయి!"

"ఏమీ అనుకోకు వెర్నా. ఇలాంటి పరిస్థితుల్లో ఇవి మీ ఇంట్లో ఉండడం మంచిది కాదు."

"ఎలాంటి పరిస్థితులు?"

"నా నోటితో చెప్పించకు. నీ తప్పేమీ లేదని అందరికీ తెలుసు. అడగాలంటే మీ ఆయన్ని అడుగు," అని మెర్వ్ జెర్సీలు రెండుసార్లు లెక్కపెట్టుకుని వెళ్ళిపోయాడు.

వెర్నాకి తల కొట్టేసినట్టయింది. పద్దెనిమిదేళ్ళు బురద వదిలించిన చేతుల్లోంచి బట్టలు లాక్కుపోతారా? వెంటనే గోర్డన్‌కి ఫోను చేసింది.

"ఏం వెధవ పని చేశావు? మెర్వ్ వచ్చి తడి జెర్సీలు లాక్కుపోయాడు!"

"నేనా? ఏం లేదు! కెమెరా గురించి ఇద్దరితో మాట్లాడానంతే. వెర్నా, ఊరు ఊరంతా పాత కెమెరాల పక్షం. నాకిప్పుడు మళ్ళీ అనుమానంగా ఉంది, మార్చనా వద్దా?"

వెర్నా ఏమందో అచ్చు వెయ్యడానికి వీల్లేదు. మధ్యాహ్నం భోజనం పెట్టేది లేదని మాత్రం అర్థమైంది.

గోర్డన్ తిండీ తిప్పలూ లేకుండా వంతెన దగ్గర బల్ల మీద కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. నాలుగింటికి అవతలి ఒడ్డు నుంచి వెనక తొట్టి ఉన్న యూట్ బండి ఒకటి వచ్చి ఆయన ముందు ఆగింది. అందులోంచి బార్లీ క్రాసింగ్ ప్రెసిడెంటు లెస్ డ్రమండ్ రెండు చేతులూ చాపుకుంటూ దిగాడు.

"ఒరే గోర్డన్! విన్నానురా! లేటుగా అయినా నీకు బుద్ధొచ్చింది!"

గోర్డన్ లేచేలోపల ఎరుపూ పసుపూ చారల మఫ్లరు ఆయన మెడకి ముడిపడింది.

"ఆ మెర్వ్‌గాడు నీకు మడత కుర్చీ ఇచ్చాడు. మేం రేకు కప్పు వేయిస్తాం. వానొచ్చినా తడవక్కర్లేదు. ఏం కెమెరా కావాలో నువ్వే చెప్పు, క్లబ్బు కొంటుంది. ఈ శనివారం నుంచే మా గీత పక్కన కూర్చో!"

అప్పుడు గోర్డన్ గుండెల్లో రాయి పడింది. బ్రెడ్డు మిషను గుర్తొచ్చింది, నార్మ్ వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు, తడి జెర్సీలు గుర్తొచ్చాయి. తాను క్లబ్బు మారుతున్నానని ఊరంతా అనుకుంటోందా? అదీ ఫైనల్ వారంలో?

నిజం చెప్పాలంటే ఒక్క నిమిషం మనసు అటు లాగింది. కొత్త కెమెరా, రేకు కప్పు. ఇవతలేమో నిజం తెలిస్తే ఉన్న కుర్చీ కూడా ఉండదు. కానీ అవతలి ఒడ్డున ఎవరి పేరూ తెలియదు, ఎవరి ఫొటో తియ్యాలి?

"లెస్, నేను..." అంటుండగానే కొలీన్ వ్యాను, క్లబ్బు భోజనానికి బన్నులు వేసుకుని, వంతెన మలుపు తిరిగింది. "కొలీన్! ఆగు! ఇది అది కాదు!" అని గోర్డన్ రెండు చేతులూ ఊపుతూ వెంటపడ్డాడు. మఫ్లరు కొసలు జెండాల్లా రెపరెపలాడాయి. వ్యాను ఇంకా వేగం పెంచింది.

గురువారాల్లో ప్రాక్టీసయ్యాక క్లబ్బులో అందరికీ సూపు, బన్ను ఉంటాయి. గోర్డన్ ఆయాసపడుతూ తలుపు తోసేసరికి చెంచాల చప్పుడు ఆగిపోయింది. మెర్వ్ లేచి నిలబడ్డాడు.

"ఇంత ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందిరా నీకు?"

"మెర్వ్, విను. నేను క్లబ్బు మారట్లేదు. ఇదంతా పొరపాటు. నా ప్రాణం పోయినా నేను పెలికన్‌నే!"

"మరి మెడలో అదేంటి?"

గోర్డన్ కిందికి చూసుకున్నాడు. మఫ్లరు తీసేద్దామని లాగితే ఇంకా బిగుసుకుంది. వెనక నుంచి వెర్నా వచ్చింది. తడి సాక్సుల మూట ఒకటి మెర్వ్ సూపు గిన్నె పక్కన ధబేలుమని పడేసింది.

"ఇవి మర్చిపోయావు. ఇవి కూడా అవతలికి అమ్మేస్తానేమో, లెక్కపెట్టుకో!"

"మారేది నేను కాదు, నా కెమెరా!" అని గోర్డన్ గొంతు చించుకున్నాడు. "పాత కెమెరా వదిలేసి కొత్తది తీసుకుందామా అని అడిగానంతే! అవతలివాళ్ళంటే ఇంకో కంపెనీ వాళ్ళు!"

కొలీన్ బన్నులు సర్దడంలో పడింది. నార్మ్ సూపులోకి చూశాడు. మెర్వ్ మాత్రం వదల్లేదు.

"ఇరవై రెండేళ్ళు పనికొచ్చినదానికి ఇప్పుడేమొచ్చింది? ఎందుకు మార్చడం?"

ఇక దాచడానికేమీ మిగల్లేదు. గోర్డన్ కుడిచెయ్యి పైకెత్తి చూపించాడు. అది వణుకుతోంది.

"ఇదీ సంగతి. మూడేళ్ళుగా ఒక్క ఫొటో సరిగ్గా రాలేదు. మీకు తెలిస్తే నా కుర్చీ ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారని... కొత్తదైతే వణుకు తెలియనివ్వదట. అందుకని."

గోర్డన్ కుర్చీ పోయిందనే అనుకున్నాడు.

"మూడేళ్ళు కాదు," అన్నాడు మెర్వ్. "నాలుగు."

"ఏమిటీ?"

"మాకు కళ్ళు లేవనుకున్నావా? పోయిన ఏడాది జట్టు ఫొటోలో నాకు రెండు తలలున్నాయి."

"మీకు తెలుసా?"

"అదిగో, గోడ మీద ఆ పరిగెత్తేవాడున్నాడే," అంది కొలీన్, "వాడు మా పెద్దాడని నేను చెప్పుకుంటున్నా. కాదు తన కొడుకని నార్మ్ చెప్పుకుంటున్నాడు. ఒక్క ఫొటో రెండిళ్ళకీ వస్తోంది."

"అది మావాడే," అన్నాడు నార్మ్.

మెర్వ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఆ కొత్తదాంట్లో అంతా స్పష్టంగా కనిపిస్తుందా?"

"వెంట్రుకతో సహా."

"నా పొట్ట?"

"అదీ కనిపిస్తుంది."

"అయితే వద్దురా బాబూ," అని మెర్వ్ గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ తర్వాత గోర్డన్ మెడలో ముడి విప్పుతూ అన్నాడు. "పొద్దుట్నుంచీ నా కడుపులోకి మెతుకు దిగలేదు తెలుసా? ఓడిపోతామని కాదు. ఓడిపోవడం మాకు అలవాటే. స్కోరుబోర్డు కింద నువ్వు లేకుండా ఫైనల్ ఎలా చూడాలా అని. కెమెరా తెస్తే తే, లేకపోతే టీ ఫ్లాస్కు తెచ్చుకో. ఆ కుర్చీ నీదిరా. ఎవడడిగాడు ఫొటోలు?"

గోర్డన్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆనందంతోనే. కానీ ఆ చివరి మాట గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది. నాలుగేళ్ళపాటు వానలో తడిసి తీసిన ఫొటోలవి. ఆయన వెర్నా వైపు తిరిగాడు.

"నీకూ తెలుసా?"

"మొదటి వారమే తెలుసు. ఆ చెయ్యి డాక్టరుకి చూపించమంటే వింటేగా?"

"మరి ఏడు నెలలుగా కెమెరా కోసం నేను కొట్టుకుంటుంటే ఎందుకు చెప్పలేదు?"

"నీకో కాలక్షేపం దొరికిందని ఊరుకున్నా," అని వెర్నా మెర్వ్ వైపు చెయ్యి చాపింది. "జెర్సీలు ఇలా తే. ముక్కవాసన పట్టి చస్తాయి."

మర్నాడు పొద్దున్నే గోర్డన్ దుకాణానికి ఫోను చేసి కెమెరా వద్దని చెప్పాడు. పెరట్లో మిగిలిన సగం గడ్డి ఒక్క విడతలో కోసేశాడు. నార్మ్ సాసేజీలు పట్టుకొచ్చి గేటు దగ్గర పెట్టి, ఎవరూ చూడకుండా వెళ్ళిపోయాడు.

శనివారం ఫైనల్లో గోర్డన్ తన కుర్చీలో కూర్చుని పాత కెమెరాతో నాలుగు వందల పన్నెండు ఫొటోలు తీశాడు. వాటిలో మూడు మాత్రం చక్కగా, స్పష్టంగా వచ్చాయి. ఆ మూడింటిలోనూ బార్లీ క్రాసింగ్ వాళ్ళు కప్పు పట్టుకుని కదలకుండా నిలబడి ఉన్నారు.