మంత్రిగారి ప్లాటినం హోదా

"ఖతార్‌లో చిక్కుకుపోయిన మన ఆడపడుచు గంగులమ్మను విమానంలో నా పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, స్వయంగా ఇంటి గడప తొక్కిస్తాను" అని ప్రవాసుల సంక్షేమ శాఖ మంత్రి ఓబులయ్యగారు దోహాలో తాము దిగిన హోటల్ లాబీలో ప్రకటించారు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఏసీ పనిచేయడం లేదు కాబట్టి ఆ చప్పట్లకు కాస్త గాలి కూడా వచ్చింది.

నా పేరు అమర్నాథ్. దోహా పక్కనున్న ముఐథర్‌లో హౌస్ డ్రైవర్ని, తీరిక వేళల్లో మంత్రిగారి పార్టీకి ఖతార్ శాఖ సహాయ కార్యదర్శిని. నిజానికి గంగులమ్మ ఎక్కడా చిక్కుకోలేదు. ఇంటిపని కాంట్రాక్టు ముగిసింది, యజమాని టికెట్ తీసిస్తానన్నాడు. మంత్రిగారితో వెళ్తే గౌరవమని మా పార్టీవాళ్ళమే వద్దనిపించాం. కూతురు శ్యామలకు తొలికాన్పు. ఆ వేళకు పక్కన ఉండాలని తప్ప ఆమెకు గౌరవం మీద పెద్ద ఆశ లేదు.

మంత్రిగారికి ఈ హోటల్ వాళ్ళ ప్లాటినం హోదా ఉంది. ప్రభుత్వాలు పడిపోయే రోజుల్లో క్యాంపు రాజకీయాలకని ఎమ్మెల్యేలను దాచిపెట్టింది వీళ్ళ హోటళ్ళలోనే. ఓబులయ్యగారు మూడు పార్టీలు మారారు గానీ హోటల్ మాత్రం మారలేదు. ఆ విశ్వాసానికి మెచ్చి ఇచ్చిన కార్డు అది.

గదిలో చన్నీళ్ళ కుళాయి తిప్పితే వేడినీళ్ళు వచ్చేవి, వేడినీళ్ళ కుళాయి తిప్పితే చప్పుడు వచ్చేది. తువ్వాళ్ళు లేవు. దుప్పటి మార్చే మనిషి లేడు. మంత్రిగారు రిసెప్షన్‌లో ఉన్న మెహ్విష్ అనే అమ్మాయిని నిలదీశారు.

"నేను ప్లాటినం!"

"తెలుసు సార్. అందుకే మీకు ముందుగా సారీ చెప్తున్నాం. మిగతావాళ్ళు లైన్లో ఉన్నారు."

మంత్రిగారు నావైపు గర్వంగా చూశారు. "చూసినావా అమర్నాథూ, హోదా అంటే ఇదీ!"

ఆ అమ్మాయే ఇంకో మాట చెప్పింది. ఈ నెలాఖరులోగా మరో ఐదు రాత్రులు బస చేయకపోతే ప్లాటినం పోయి సిల్వర్ అవుతుందట. మంత్రిగారి ముఖం పాలిపోయింది. మర్నాటి ప్రయాణం వాయిదా పడింది. ఆయనతోపాటు గంగులమ్మదీ పడింది.

"సారూ, నా బిడ్డకు నెలలు నిండినాయి. నన్నన్నా ముందు పంపీండి" అని ఆమె చేతులు జోడించింది.

"నువ్వొక్కదానివే దిగితే ఎయిర్‌పోర్టులో ఫోటో ఎవరితో తీస్తారమ్మా?" అన్నారు మంత్రిగారు ఎంతో దయగా.

ఊరికే కూర్చోలేని మనిషి కావడం వల్ల గంగులమ్మ ఆయన గది ఊడ్చింది, దుప్పటి ఉతికింది, చారు కాచి పెట్టింది. మూడో రాత్రికి మంత్రిగారు సంతృప్తిపడి, సర్వీసు అద్భుతమని హోటల్‌కు ఐదు స్టార్లు ఇచ్చారు.

నాలుగో రోజు పొద్దున రాజధాని నుంచి ఫోన్ వచ్చింది. మంత్రివర్గంలో మార్పులట, వెంటనే రమ్మన్నారు. ఆయన ఒక్క క్షణం ఆలోచించి గొప్ప నిర్ణయం తీసుకున్నారు.

"గది నా పేరు మీదే ఉంటుంది. మనిషి పడుకుంటే చాలంట. ఈ రెండు రాత్రులూ గంగులమ్మ ఉంటాది. తర్వాత నువ్వు విమానం ఎక్కించు."

హోటల్ గుమ్మంలో పెట్టె పట్టుకున్న గంగులమ్మ భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగారు. యల్లా, ఇక పోదాం అన్నారు, వెళ్ళిపోయారు. నాకు సిగ్గేసింది. అయితే నేను క్రమశిక్షణ గల కార్యకర్తను కాబట్టి పెట్టె మళ్ళీ గదిలోకి మోశాను.

రెండో సాయంత్రం అన్నం క్యారియర్ తీసుకెళ్ళేసరికి ఆమె భర్త తిమ్మప్ప ఫోన్లో అరుస్తున్నాడు.

"పేపర్లో మంత్రితో నీ ఫోటో పెట్టి నువ్వు ఇల్లు చేరినట్టు ఏసినారు గదే! ఊరంతా చూసి పోతాండారు. యాడుండావు? బిడ్డకు నొప్పులొస్తాండాయి, అమ్మ యాడ అని అడుగుతాంది!"

అప్పుడే గోడ మీది టీవీ దానంతటదే వెలిగింది. బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాలు మెరిశాయి. ఐదో రాత్రి కూడా లెక్కలోకి వచ్చినట్టుంది.

"ఏం రాసినారన్నా?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

చదివి చెప్పాను.

"ప్లాటినం సభ్యులు ఓబులయ్యగారూ, మీరు మీ ఇంట్లోనే ఉన్నారు."