ఎదుటి వైపు తొమ్మిది

ఆదివారం ఉదయానికి క్లైవ్ వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిదికి రేడియోలో తన పాత పాటల కార్యక్రమం మొదలుపెట్టాలి. నాలుగు పాటలు వేసి ధైర్యం కూడగట్టుకోవాలి. ఆ తర్వాత మైకులోనే డల్సీని వెళ్లొద్దని అడగాలి. ఎదురుగా అడగడం అతని వల్ల కాలేదు. భార్య పోయిన దగ్గర్నుంచి ప్రతి సాయంత్రం డల్సీ వాకిట్లో టీ తాగాడు కానీ, వానల గురించి తప్ప మాట్లాడింది లేదు. ఇప్పుడామె ఇల్లు ఖాళీ చేసి, దూరాన కెయిర్న్స్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్లిపోతోంది.

వరంబా ఊళ్లో పెద్ద వీధే రెండు రాష్ట్రాల సరిహద్దు. రేడియో స్టేషను, చర్చి న్యూ సౌత్ వేల్స్ వైపు. డల్సీ ఇల్లు, బస్సు షెడ్డు ఎదురుగా క్వీన్స్‌లాండ్ వైపు. అక్టోబరు మొదటి ఆదివారం, వేసవి వెలుతురు కలిసొస్తుందని, ఈ వైపు గడియారాలన్నీ గంట ముందుకు జరుపుతారు. ఆ వైపు వాళ్లు ఒప్పుకోరు. సెల్‌ఫోన్లు ఏ వైపు టవరు అందితే ఆ టైము చూపిస్తాయి, వంటింట్లో ఒకటి, వరండాలో ఒకటి. అందుకే ఊరంతా రేడియోనే నమ్ముతుంది. మైకు తెరిచినవాళ్లు ముందు రెండు వైపుల టైమూ చెప్పాలి, మిగతా మాటలు ఆ తర్వాతే. డల్సీ బస్సు ఆ వైపు తొమ్మిదికి, అంటే ఈ వైపు పదికి. క్లైవ్ కార్యక్రమం మొదలయ్యాక ఇంకా గంట వ్యవధి ఉంది.

శనివారం సాయంత్రం ఇంటికి వెళ్తూ క్లైవ్ స్టూడియో గోడ గడియారాన్ని గంట ముందుకు జరిపాడు. ఆదివారం పొద్దున్నే తలుపులు తీసిన కార్యదర్శి గ్లెనిస్, ముసలాయన మరిచిపోయే ఉంటాడనుకుని తనూ ఒక గంట జరిపి, పాలు కొనడానికి వెళ్లింది.

క్లైవ్ వచ్చేసరికి కంప్యూటరు తనంతట తాను పాటలు వేసుకుంటోంది. గడియారం చూస్తే పది. తెల్లవారుజామున కాసేపు కునుకు పట్టినట్టే అనిపించింది, ఇంతసేపు పడుకున్నానా అనుకున్నాడు. కోటైనా విప్పకుండా మైకు తెరిచాడు.

"ఈ వైపు పది, ఎదుటి వైపు తొమ్మిది," అన్నాడు అలవాటుగా. "డల్సీ, బస్సెక్కకు. నువ్వెళ్లిపోతే సాయంత్రాలు నేనేం చెయ్యాలో నాకు తెలీదు. టీ పెట్టుకోవడం వచ్చు. ఒక్కణ్ణే కూర్చుని తాగడం రాదు."

ఎదుటి షెడ్డులో డ్రైవరు బారీ తొమ్మిది అన్నంతవరకే విన్నాడు. తింటున్న రొట్టెముక్క పడేసి, రానివాళ్ల సంగతి ఆఫీసు చూసుకుంటుందని, ఖాళీ బస్సు తోలుకుపోయాడు. మిగతాది ఊరంతా విన్నది. అంతలోనే చర్చి గంట మోగింది. కాసేపటికి ఫోన్ మోగింది.

"క్లైవ్, పాస్టర్ని. పది గంటల ప్రార్థనకి ముగ్గురే వచ్చారయ్యా. అందులో ఒకాయన ఇంకా పైజమాలోనే ఉన్నాడు."

"నేనిప్పుడు పనిలో ఉన్నాను పాస్టర్ గారూ."

"విన్నాంలే. ఇంతకీ ఆవిడేమంది?"

పాలడబ్బా పట్టుకుని గ్లెనిస్ రొప్పుతూ వచ్చింది. "పదని ఎవరు చెప్పారు నీకు? ఇప్పుడేగా తొమ్మిది దాటింది."

"గడియారం చెప్పింది."

"పొద్దున నేనే కదా దాన్ని జరిపింది."

"నిన్న నేనూ జరిపాను."

ఇద్దరూ గడియారం వైపు చూశారు. బస్సు కదలడానికి ఇంకా టైముందని క్లైవ్‌కి అప్పుడు తట్టింది. వీధిలోకి పరిగెత్తాడు. షెడ్డు ఖాళీగా ఉంది. బస్సు పొగ వాసన ఇంకా పోలేదు.

బస్సు వెళ్లిపోయిందంటే, తను చెప్పిన టైము నమ్మి డల్సీ కూడా వెళ్లిపోయిందనే అనుకున్నాడు. వెళ్లేవాళ్లకు చేతినిండా సామాన్లుంటాయి. ఉండిపోయేవాళ్ల చేతులకే ఏం చెయ్యాలో తోచదు. క్లైవ్ వెనక్కి వచ్చి, పాట పేరు చెప్పకుండా ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ కూర్చున్నాడు. గ్లెనిస్ పక్కన పెట్టిన టీ మీద మీగడ కట్టింది.

చాలాసేపటికి తలుపు ధడాలున తెరుచుకుంది. సూట్‌కేసుతో డల్సీ.

"రేడియోలో తప్పు టైము చెప్పారట, ఎవడా వెధవ? నేను ముందుగానే వెళ్లాను. అక్కడ బస్సు లేదు, బారీ లేడు, సగం తిన్న రొట్టె ఉంది."

"నువ్వు రేడియో వినలేదా?" అన్నాడు క్లైవ్.

"రేడియో రాత్రే సర్దేశాను. వీధిలో ప్రతివాడూ నన్ను చూసి నవ్వుతున్నాడు. పాస్టరైతే చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఏం చెప్పావు దాంట్లో?"

"పాలు తెచ్చుకోవాలి," అని గ్లెనిస్ చేతిలో పాలడబ్బాతోనే బయటికి నడిచింది.

"టైము చెప్పాను," అన్నాడు క్లైవ్.

"అదెలాగూ తప్పే. ఇంకా?"

క్లైవ్ మైకు వైపు చూశాడు. మైకు లేకుండా ఏ మాటా బయటికి రాలేదు.

డల్సీ సూట్‌కేసు కింద పెట్టి దాని మీదే కూర్చుంది. "మళ్లీ బస్సు గురువారం. ఆలోపు గుర్తు తెచ్చుకుని చెప్పు."

గురువారం పొద్దున ఆమె ఊళ్లో ఎవరినడిగినా, ఒక్కరూ సరైన టైము చెప్పలేదు.