పాఠకులు సున్న, వ్యాసాలు ఆరు

గ్రంథపాలకుడి ప్రతిభను ఇకపై పాఠకులకిచ్చిన పుస్తకాలతో కాక, అచ్చయిన పరిశోధనా వ్యాసాలతో కొలవాలని గ్రంథాలయ ప్రతిభా గణన మండలి లోకం మేలుకోరి ఉత్తర్వు జారీ చేసింది. శ్రీకూర్మం దగ్గరి ఒక శాఖా గ్రంథాలయంలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న త్రినాథ్‌కు అది చదవగానే చెమటలు పట్టాయి. ఆరు వ్యాసాలుంటే పదోన్నతి, లేకుంటే సంజాయిషీ. ఆయన రాసినవి సున్న.

దేనిమీద రాయాలో తోచక, గ్రంథాలయాల గురించి పదేళ్లలో ఎవరెవరు ఎన్నెన్ని వ్యాసాలు రాశారో లెక్క కట్టడం మొదలుపెట్టాడు. మొత్తం పదమూడు వందల పన్నెండు తేలాయి. (అందులో వెయ్యికి పైగా, ఎన్ని వ్యాసాలు వచ్చాయో లెక్కపెట్టిన వ్యాసాలే.) వాటిని పట్టికల్లోకి ఎక్కించేటప్పుడు లెక్క తప్పకుండా తలుపు వేసి, ‘పరిశోధన జరుగుచున్నది’ అని బోర్డు తగిలించాడు.

మర్నాడే లక్ష్మణమ్మ తలుపు బాదింది. చేపల బేరం అయ్యాక ఖాళీ తట్ట గుమ్మంలో పెట్టి, రోజూ గంటసేపు చదువుకుని పోవడం ఆమెకు అలవాటు.

“ఏటి బాబూ, తలుపేసీసినావు? ఆ నవల రెండో బాగం ఇచ్చీ, ఎలిపోతాను.”

“వచ్చే నెల రామ్మా. లెక్కలో ఉన్నాను.”

“పుస్తకం ఇవ్వడానికి లెక్కేటి?”

త్రినాథ్‌కు సిగ్గేసింది. కానీ అప్పటికే నాలుగో పట్టికలో ఉన్నాడు.

వ్యాసం అచ్చయింది (సంపాదకుడి తొమ్మిది వ్యాసాలను ఉటంకించాలన్న స్వల్ప సవరణతో). దాన్నే జిల్లాలవారీగా, ఏళ్లవారీగా, చివరికి ఇంటిపేర్లవారీగా విడగొడితే మరో ఐదు వచ్చాయి.

తనిఖీకి వచ్చిన మండలి ఉపగణకులు జగన్నాధం గారు రిజిస్టరు తిరగేసి ఉప్పొంగిపోయారు.

“చూశారా! పాఠకులు సున్నకి దిగగానే వ్యాసాలు ఆరుకి ఎక్కాయి. ఇన్నాళ్లూ మీకు అడ్డం పాఠకులేనన్నమాట.”

త్రినాథ్ పదోన్నతి గుర్తొచ్చి, సంతకానికి కలం అందించాడు.

వారం తిరక్కుండా ఆయనకు విజయనగరంలోని గణన కేంద్రానికి బదిలీ వచ్చింది (అక్కడ పుస్తకాల బెడద లేదు). పాఠకులు లేని శాఖ గనుక, ఇక్కడి పుస్తకాలన్నీ గోనెసంచుల్లో కుట్టి, సీలు వేసి, గిడ్డంగికి పంపమన్నారు.

లారీ బయల్దేరబోతుండగా లక్ష్మణమ్మ వచ్చింది. సంచుల వంక, ఆయన వంక చూసింది.

“పోనీ, ఇన్నేళ్లు ఈటి మద్దినే ఉన్నావు గదా బాబూ. నవల్లో ఆ పడవెక్కిన పిల్ల ఆకర్న బతికిందా, సచ్చిపోనాదా? అదొక్కటీ సెప్పీ.”

త్రినాథ్ తనకు తెలిసినదంతా దాచకుండా చెప్పాడు.

“రెండు వందల పదహారు పేజీలమ్మా. రెండో ముద్రణ.”