కవచం లేనిదే ఆట లేదు

ఆ శనివారం ఉదయం మార్కండేయ మేష్టారు వేసుకున్న పథకం చిన్నదే. బాపట్ల మైదానంలో రెండు జట్ల ఆడపిల్లల సామాను తనిఖీ చేయడం, ఎండ ముదరకముందే సాఫ్ట్‌బాల్ ఆట ముగించడం, ఇంటికెళ్లి అన్నం తినడం. మనసులో మాత్రం దిగులు. కిందటేడు బంతి తగిలి ఒక పిల్లకు పన్ను ఊడింది. "ఈసారి ఏ పిల్లకి దెబ్బ తగిలినా ఆడపిల్లలకి ఈ ఆట రద్దు" అని హెడ్మాస్టరు పూర్ణచంద్రరావు తేల్చేశాడు. మార్కండేయకు లోకంలో ఇష్టమైనదంటూ ఉంటే, ఆ ఆటకు అంపైరుగా నిలబడటమే.

అందుకే పోయినవారం ఎదుటి జట్టు ఊరైన రేపల్లె వెళ్లి మరీ, "కవచం లేనిదే క్యాచరును ఆడనివ్వను" అని చెప్పివచ్చాడు. బ్యాటు వెనక బంతి పట్టే క్యాచరు ఛాతీకి కట్టుకునేదాన్ని అందరిలా చెస్ట్‌గార్డు అంటే పోయేది. కానీ ప్రభుత్వం తెలుగును అధికార భాష చేసినప్పటి నుంచీ దొరికినచోటల్లా తెలుగు మాటే వాడాలన్న పంతం ఆయనది.

తనిఖీ మొదలైంది. చీలిన బ్యాటు పక్కన పడేశాడు. గాజులు, పిన్నులు తీయించాడు. బాపట్ల జట్టు చెస్ట్‌గార్డును ఎలుకలు కొరికాయని, అదీ పనికిరాదన్నాడు. తర్వాత రేపల్లె క్యాచరు తులసి దగ్గరికొచ్చాడు.

"కవచమేదమ్మా?"

తులసికి తోడొచ్చిన మామ్మ పున్నమ్మ ముందుకొచ్చి, మనవరాలి మెడలోని రాగి తాయెత్తు చూపించింది. "ఇదిగో బాబూ, ఆంజనేయ కవచం. పూజ చేయించి కట్టించా. ఎందుకైనా మంచిదని జట్టంతటికీ కట్టించా."

"అది కాదు మామ్మగారూ! మెడలో లోహం ఉండకూడదు. తీసెయ్యాలి."

"కవచం లేందే ఆడనివ్వనంది మీరే గదా! ఇప్పుడు తీస్తేగానీ ఆడనివ్వనంటారేంటండీ?"

రేపల్లె పిల్లలు తాయెత్తులు గుప్పిట పట్టుకుని తీసేది లేదన్నారు. అది చూసి బాపట్ల పిల్లలు, "వాళ్లకి కవచాలున్నాయి, మాకు లేవు. మేం ఆడం సార్" అని ఏడుపు లంకించుకున్నారు.

"మేష్టారూ, ఆట ఉందా, రద్దు చేసేదా?" హెడ్మాస్టరు కుర్చీలోంచే అడిగాడు.

రద్దన్న మాట చెవిన పడగానే మార్కండేయ ముందుకు దూకాడు. గబగబా తన చెస్ట్‌గార్డు, ముఖానికున్న ఇనప మాస్కు విప్పి తులసికి తొడిగాడు. "కవచమంటే ఇదీ. వంతు మారగానే ఇవే బాపట్ల క్యాచరుకీ ఇస్తా."

"ఇది మాత్రం ఇనుము కాదేంటి బాబూ?"

"ఇది మెడలో కాదు గదండీ!"

పున్నమ్మ గొణుక్కుంటూ తాయెత్తులన్నీ విప్పించి కొంగున ముడేసుకుంది. ఏడుపులు ఆగాయి, ఆట మొదలైంది. మొదటి బంతే బ్యాటు అంచుకు రాసుకుని, తులసి చేతికి అందకుండా దూసుకొచ్చి, ఆమె వెనక వంగి నిలబడ్డ అంపైరు నోటికి తగిలింది. ముందు పళ్లు రెండూ చేతిలోకొచ్చాయి.

హెడ్మాస్టరు లేచొచ్చి చూశాడు. మార్కండేయ ప్రాణాలన్నీ కళ్లలో పెట్టుకున్నాడు.

"పిల్లలెవరికీ దెబ్బ తగల్లేదు. కాబట్టి ఆట ఉంటుంది" అన్నాడు హెడ్మాస్టరు. "తన సామాను చూసుకోలేని మనిషి పిల్లల సామాను ఏం చూస్తాడండీ? ఇకనుంచి మీరు అంపైరు కాదు."

మార్కండేయ గట్టు మీద కూర్చుని, నోటికి తడిగుడ్డ అదుముకుని చూస్తుంటే, మరో మేష్టారు అంపైరుగా ఆట జోరుగా సాగిపోయింది. ఆట బతికినందుకు సంతోషించాలో, తను లేకుండా బతికినందుకు ఏడవాలో తెలియక ఆయన కళ్లు నిండాయి.

పున్నమ్మ వచ్చి, కొంగు ముడి విప్పి ఒక తాయెత్తు తీసింది. "మెడ వంచు బాబూ."

మెడలో లోహం ఉండకూడదన్న నిబంధన మైదానంలోకి దిగేవాళ్లకే గనక, మార్కండేయ మెడ వంచాడు.