‘కాలవ’ ఆటకు నోటి భద్రతా పరీక్ష

మన దేశంలో ఆట ఆడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆటను తయారు చేయడానికి మాత్రం, అది ఎవరి గొంతులోనూ దిగదని ప్రభుత్వానికి రుజువు చేయాలి. నాగరికత అంటే ఇదేనని నా అభిప్రాయం. (అభిప్రాయం నాది. ముద్ర మండలిది.)

విజయవాడ భవానీపురంలో ఉండే సింధూరికి ఈ సంగతి ముప్ఫై రెండో ఏట తెలిసింది. అప్పటిదాకా ఆమె వన్ టౌన్‌లో జయకృష్ణ గారి ప్రెస్సులో స్వీటు డబ్బాలకీ మామిడితాండ్ర పెట్టెలకీ డిజైన్లు వేసుకుంటూ ప్రశాంతంగా బతికింది. ఆదివారాలు ఆ ప్రెస్సు మేడ మీద పదిమంది పోగయ్యేవారు. ఒకాయన చెప్పుల అడుగులకు వాడే రబ్బరు షీట్లు కోసి అంతరిక్ష యోధుల శిరస్త్రాణాలు చేసేవాడు. ఒకావిడ క్రోషియాతో రోబోలు అల్లేది. చక్రి అనే ఇంజినీరు త్రీడీ ప్రింటరు మీద తెలుగు అంకెల పాచికలు తీసేవాడు. అవి చూడముచ్చటగా ఉండేవి. తెలుగు అంకెలు చదవడం అక్కడెవరికీ రాదు కాబట్టి ప్రతి పాచికతోనూ ఒక అర్థాల పట్టిక ఇచ్చేవాడు. ఇటువంటి వాటన్నిటినీ కలిపి క్రియేటివ్ రంగం అంటారు. ఇళ్ళల్లో వేరే మాట అంటారు.

సింధూరి రెండేళ్ళు కూర్చుని ‘కాలవ’ అనే బోర్డు గేమ్ తయారు చేసింది. ఒక కాలవ, దాని వెంట నలుగురు రైతులు. మొదటి మడి పెనమలూరులో, రెండోది ఉయ్యూరులో, మూడోది మొవ్వలో, చివరిది కోడూరులో. (నిజం కాలవలు అంత బుద్ధిగా వరసలో పారవని ఆమెకూ తెలుసు.) చక్రి చేసిచ్చిన పాచిక వేసి నీళ్ళు తెచ్చుకోవాలి. ఎవరి తూము దగ్గర వాళ్ళు నీళ్ళు ఆపుకోవచ్చు, కిందికి వదలనూ వచ్చు. మధ్యలో కార్డులు అడ్డం పడతాయి: గుర్రపుడెక్క పేరుకుంది, లాకు తుప్పు పట్టింది, ‘అయ్యగారు సీట్లో లేరు, రేపు రండి’. నీటిబొట్లు నలభై ఎనిమిదీ కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో చెక్కించి, నీలం రంగు వేయించింది.

ఆ ఆటను జనవరిలో చెన్నైలో జరిగే ప్రదర్శనకు తీసుకెళ్ళాలని ఆమె కోరిక. ఒక ప్రచురణకర్త ఫోటోలు చూసి, “పెట్టె పట్టుకుని రండి, సర్టిఫికెట్ మాత్రం తప్పనిసరి” అన్నాడు. అది గనక అచ్చయితే, తన పేరుతో ఒక వస్తువు లోకంలోకి రావడం సింధూరికి అదే మొదటిసారి. స్వీటు డబ్బా మీద డిజైనరు పేరు ఎవరూ వేయరు.

జూలై మొదటి వారంలో ఆమె పెట్టె చంకన పెట్టుకుని, ఆటవస్తువుల నోటి భద్రతా మండలి ప్రాంతీయ కార్యాలయం మెట్లెక్కింది. కౌంటర్లో ఉషశ్రీ గారు ఫారం తీశారు.

“ఏ వయసు పిల్లలకమ్మా?”

“పిల్లలకి కాదండీ. పెద్దవాళ్ళు ఆడుకునేది.”

“ఫారంలో పెద్దవాళ్ళు లేరమ్మా. మూడేళ్ళ లోపు, మూడు నించి ఎనిమిది, ఎనిమిది పైన. అంతే.”

“అయితే ఎనిమిది పైన అని రాయండి.”

“రాస్తాను. పరీక్ష మాత్రం మూడేళ్ళ వాళ్ళకే చేస్తాం. ఎనిమిదేళ్ళొచ్చాక ఎవరూ నోట్లో పెట్టుకోరు గదా, ఇంక పరీక్ష దేనికి?”

ఈ తర్కాన్ని సింధూరి ఒప్పుకుంది. నేనూ ఒప్పుకుంటున్నాను. పేకముక్కలకి కూడా ఈ పరీక్ష ఉందేమో కనుక్కోమని జయకృష్ణ గారు చెప్పి పంపారు కాబట్టి ఆ మాట కూడా అడిగింది.

“పేకాట ఆట కాదమ్మా, నేరం” అన్నారు ఉషశ్రీ గారు, ముద్ర వేస్తూ. “అది పోలీసులు చూసుకుంటారు.”

పరీక్షలు రెండు. మొదటిది నోటి పరీక్ష. దీనికోసం కేంద్ర కార్యాలయం రబ్బరుతో చేసిన ‘ప్రామాణిక నోరు’ ఒకటి మంజూరు చేసింది. అది నాలుగేళ్ళ కిందట బయల్దేరింది, ఇంకా చేరలేదు. చేరేదాకా ‘అందుబాటులో ఉన్న అత్యున్నత అధికారి నోరు’ వాడుకోవచ్చని నియమావళిలో ఉంది. ఆ అధికారి సహాయ సంచాలకులు లక్ష్మీకాంత్ గారు. టెస్టింగ్ అసిస్టెంట్ స్టెల్లా ఒక్కొక్క నీటిబొట్టూ కడిగి అందిస్తుంటే, ఆయన నలభై ఎనిమిదింటినీ వరసగా నోట్లో పెట్టుకుని చూశారు. ఒక్కటీ మింగుడుపడలేదు. అంటే పాసు.

రెండోది వినియోగ పరీక్ష. ఆటను ఆఖరిదాకా ఆడి, ఆడినవాళ్ళెవరికీ గాయాలు కాలేదని సంతకం చేయాలి. ఆటకు నలుగురు కావాలి. లక్ష్మీకాంత్ గారు, ఉషశ్రీ గారు, స్టెల్లా కలిపి ముగ్గురే. పైగా పాచిక మీద ఏం పడిందో ముగ్గురికీ అర్థం కాలేదు. (అర్థాల పట్టికను ఫైల్లో నాలుగో పేజీగా కుట్టేశారు. కుట్టిన ఫైలు విప్పడానికి వేరే అనుమతి కావాలి.) అదే సమయానికి అటెండరు పుల్లయ్య టీ గ్లాసులు బల్ల మీద పెడుతూ ‘౫’ వంక చూసి, “ఐదండి” అన్నాడు.

“నీకెట్టా తెలుసు?” అన్నారు లక్ష్మీకాంత్ గారు.

“మా నాయన పాత పంచాంగాలు చూసేవాడండి. అందులో ఇవే.”

పుల్లయ్యను అక్కడికక్కడే సాంకేతిక సలహాదారుగా నియమించి నాలుగో కుర్చీ వేశారు. మళ్ళు హోదా ప్రకారం పంచుకున్నారు. పెనమలూరు లక్ష్మీకాంత్ గారికి, ఉయ్యూరు ఉషశ్రీ గారికి, మొవ్వ స్టెల్లాకి. కోడూరు మిగిలింది కాబట్టి పుల్లయ్యకి. కోడూరు దగ్గర పుల్లయ్యకి నిజంగానే ఎకరంన్నర ఉంది. ఆ సంగతి ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఆగస్టులో సింధూరి వెళితే “పరీక్ష జరుగుతోంది” అన్నారు. సెప్టెంబరులో కౌంటరు మీద ఒక అట్ట వేలాడుతోంది: ‘సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు పరీక్షా సమయం. ప్రజలు సహకరించగలరు.’ అక్టోబరుకి నాలుగు కొట్టేసి రెండు అని దిద్దారు. క్యూలో ఒక ప్లాస్టిక్ గిలక్కాయల వ్యాపారి ఆమెతో, “లోపల ఏదో పెద్ద పరీక్షే జరుగుతుందండీ, అప్పుడప్పుడూ కేకలు కూడా వినపడతన్నాయి” అని భయంగా చెప్పాడు.

నవంబరులో మండలి నుంచి సింధూరికి మెమో వచ్చింది. శాంపిల్‌లోని ఒక కార్డుపై తీవ్ర అభ్యంతరాలు ఉన్నందున స్వయంగా హాజరై వివరణ ఇవ్వాలి. వెళ్ళింది. లక్ష్మీకాంత్ గారు ఆ కార్డును రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తి చూపించారు. ‘అయ్యగారు సీట్లో లేరు, రేపు రండి.’

“ఆట బావుందమ్మా, నేను కాదనను. కానీ ఏవిటిది?”

“అది వస్తే ఒక వంతు పోతుందండీ. తర్వాత మళ్ళీ మొదట్నించీ...”

“తెలుసమ్మా! నిన్న ఒక్కరోజే నాకు మూడుసార్లొచ్చింది. నా దగ్గర అన్ని కాగితాలూ ఉన్నాయి. ఏ కాగితం తక్కువైందో చెప్పడు, సీట్లో ఎందుకు లేడో చెప్పడు. మనిషన్నవాడు ఎట్టా తట్టుకుంటాడు?”

“నాకైతే అన్నం సయించలేదండీ” అంది స్టెల్లా.

సింధూరి వాళ్ళ ముఖాల్లో నవ్వు ఎక్కడైనా ఉందేమోనని వెతికింది. లేదు.

“పోనీ, ఆ కార్డు తీసేయమంటారా?”

“తీసేస్తే శాంపిల్ మారిపోతుంది, కొత్త దరఖాస్తు పెట్టాలి. వివరణ ఇవ్వండి చాలు. ఇటువంటిది లోకంలో ఎక్కడైనా జరిగే అవకాశం ఉందా? ఉంటే ఆధారాలేవిటి?”

సింధూరి అక్కడే బెంచీ మీద కూర్చుని, జూలై నుంచి తను వచ్చిన తేదీలన్నీ, ఆ రోజు ఎవరు సీట్లో లేరో సహా రాసి ఇచ్చింది. రెండు పేజీలైంది. లక్ష్మీకాంత్ గారు చివరిదాకా చదివి, “అయ్యో, ఈవిడెవరో పాపం చాలా తిరిగినట్టుందే” అని నిట్టూర్చి, ఆధారంగా స్వీకరించారు.

జనవరి వచ్చింది, చెన్నై ప్రదర్శనా వచ్చింది. సింధూరి పెట్టె లేకుండా వెళ్ళి, నాలుగు ఫోటోలు చేత్తో పట్టుకుని రెండు రోజులు నిలబడింది. ప్రచురణకర్త మర్యాదస్తుడు. “సర్టిఫికెట్ రానివ్వండి, చూద్దాం. కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి” అన్నాడు. పక్క స్టాలులో ఒకమ్మాయి తన పేరు అచ్చయిన ఆట పెట్టెలు పేరుస్తుంటే సింధూరి కాసేపు సాయం కూడా చేసింది. తిరుగు రైల్లో మాత్రం విజయవాడ వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

ఫిబ్రవరి మధ్యలో మళ్ళీ మండలికి వెళ్ళినప్పుడు మెట్ల మీద పుల్లయ్య ఎదురొచ్చాడు. అటూ ఇటూ చూసి ఆగాడు.

“అమ్మాయిగారూ, మీతో ఒక మాట. సర్టిఫికెట్టు ఇస్తే శాంపిలు తిరిగిచ్చెయ్యాలండి. అది రూలు. అందుకని ఇవ్వట్లేదు.”

“ఆడటం పూర్తయితే ఇచ్చి తీరాలి కదండీ?”

“పూర్తవదు గదండి. ఆట ఎప్పుడు పూర్తవుద్దో మీరు రూల్సు పుస్తకం చివరి పేజీలో రాశారు. నేను చదివాను. వాళ్ళు చదవలేదు.”

“మీరు చెప్పొచ్చు కదా!”

“నాలుగో మడోడు చెబితే ఎవరు వింటారండి?”

పరీక్షా సమయం అట్ట వేలాడుతుండగానే సింధూరి కౌంటరు పక్క తలుపు తోసుకుని లోపలికి నడిచింది. బల్ల మీద ఆమె రెండేళ్ళ కష్టం పరిచి ఉంది. మడతల దగ్గర బోర్డు నలిగింది. పెనమలూరు మడిలో నీలం బొట్లు కుప్పగా పోసి ఉన్నాయి. పుల్లయ్య కుర్చీ ముందున్న కోడూరులో ఒక్కటీ లేదు.

“రూల్సు పుస్తకం చివరి పేజీ ఎవరైనా చదివారా అండీ?” అంది.

“దేనికమ్మా? రోజూ గెలుస్తూనే ఉన్నాం గదా” అన్నారు లక్ష్మీకాంత్ గారు. “రిజిస్టరు చూడండి. నేనే నూట పదహారుసార్లు గెలిచాను.”

స్టెల్లా పుస్తకం తీసి పైకి చదివింది. ‘ఎవరి మడి నిండినా ఆట అయిపోయినట్టు కాదు. నీళ్ళు నాలుగో మడికి చేరినప్పుడే ఆట ముగుస్తుంది, అప్పుడు నలుగురూ గెలిచినట్టు. చేరకపోతే ఎవరూ గెలవనట్టు.’



“అంటే...” లక్ష్మీకాంత్ గారు మెల్లగా అడిగారు. “నేను గెలవలేదా?”

“ఒక్కసారి కూడా లేదండీ.”

ఆయన ముఖం చూస్తే సింధూరికే జాలేసింది. ఉషశ్రీ గారు మాత్రం వేరే లెక్కలో ఉన్నారు. “సార్, ఈ ప్రకారం ఏడు నెలల్నించీ మనం ఒక్క పరీక్షా చెయ్యనట్టే. ఆడిట్ వాళ్ళు అడిగితే ఏం రాస్తాం?”

ఆడిట్ అనే మాటకు ప్రభుత్వ భవనాల్లో ఉన్న శక్తి నాకు తెలిసి ఏ మంత్రానికీ లేదు. లక్ష్మీకాంత్ గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

“ఇప్పుడు నేనేం చెయ్యాలి?”

“మీ తూము ఎత్తాలండీ. మీ మడికి మూడు బొట్లు చాలు. మిగతావి కిందికి వదలాలి.”

“ఊరికే వదిలెయ్యాలా?”

“ఊరికేనండీ.”

“రేపు నాకు కరువొస్తే?”

“రేపు లేదండీ, ఇదే చివరి వంతు” అన్నాడు పుల్లయ్య.

ఆయన ఒక్కొక్క బొట్టునే చూపుడువేలితో నెట్టారు, సొంత పన్ను పీకి ఇస్తున్నంత కష్టంగా. ఉషశ్రీ గారు అలవాటుకొద్దీ రెండు బొట్లు గుప్పిట్లో దాచి, అందరూ చూస్తున్నారని తెలిసి మళ్ళీ కాలవలో వేశారు. స్టెల్లా తన వాటా అడగకుండానే కిందికి తోసింది. కోడూరుకు నాలుగు బొట్లు చేరాయి.

పుల్లయ్య ఒకటి తీసి, అరచేతిలో పెట్టుకుని చూసి, మడి మధ్యలో జాగ్రత్తగా పెట్టాడు. “వచ్చినయ్యండీ” అన్నాడు. “నిజంగా చేలోకి వచ్చినట్టే ఉంది.”

“నీకు పొలం ఉందా పుల్లయ్యా?” అన్నారు లక్ష్మీకాంత్ గారు.

“కోడూరు పక్కన ఎకరంన్నర సార్.”

“నీళ్ళొస్తాయా?”

“అర్జీ పెట్టానండి. మూడేళ్ళయింది.”

(ఏ ఆఫీసులో పెట్టినా అక్కడ తనలాంటి వారే ఉంటారని లక్ష్మీకాంత్ గారికి తెలియకపోదు.) ఆయన తల వంచుకుని ఫైలు దగ్గరకు లాక్కున్నారు. పరీక్ష ముగిసిన రోజే సర్టిఫికెట్ ఇవ్వాలని నియమం. ‘పరీక్షకులకు కలిగిన గాయాలు’ అన్న గడి దగ్గర కాసేపు పెన్ను ఆపి, ‘శారీరకంగా ఏమీ లేవు’ అని రాసి సంతకం పెట్టారు.

సింధూరి సర్టిఫికెట్ అందుకుని మెట్లు దిగుతూ రెండుసార్లు ముద్దు పెట్టుకుంది. మూడోసారి కింద చిన్న అక్షరాలు కనిపించాయి. గడువు ఒక సంవత్సరం, దరఖాస్తు చేసిన తేదీ నుంచి. జూలై నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టింది. అయిదు నెలలు కూడా మిగల్లేదు. ప్రచురణకర్తకు కావలసింది ఆరు.

ఆమె మళ్ళీ పైకి వెళ్ళింది. లక్ష్మీకాంత్ గారు శాంపిల్‌ను స్వయంగా పెట్టెలో సర్ది, ఫైలు కట్టే తాడుతో ముడి వేస్తున్నారు. ఆమె చెప్పింది విని ఏమాత్రం కంగారు పడలేదు.

“రెన్యువల్ ఇవాళే పెట్టెయ్యొచ్చమ్మా, కొత్త శాంపిల్ జత చేస్తే చాలు” అని, తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. “ఈసారి మాత్రం ఆరుగురు ఆడేట్టు చేసుకురండి. కింది అంతస్తు వాళ్ళు బాధపడుతున్నారు.”