మోకాళ్ళకు పడిన దండన

ఆ ఉదయం చక్రధరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎవరూ చూడకముందే చెరువులో దిగాలి, అరగంట నడవాలి, ఇంటికొచ్చి ఇడ్లీ తినాలి.

ఇరవై ఏడేళ్ళుగా ఆయన కిరందుల్ ఇనుపగని కొండమీద డంపర్ నడుపుతున్నాడు. ఇరవై రెండు రోజుల్లో వైద్య పరీక్ష ఉంది. డంపర్ నిచ్చెన కుంటకుండా ఎక్కలేకపోతే లైట్ డ్యూటీ, అంటే టైమాఫీసులో కుర్చీ. ఆ కుర్చీ తలుచుకుంటే అరిగిన మోకాళ్ళకంటే ముందు గుండెకు నొప్పి పుట్టేది. టౌన్‌షిప్ ఫిజియోథెరపిస్టు లాస్య ఒక మార్గం చెప్పింది.

"ఛాతీలోతు నీళ్ళలో నడవండి బాబాయ్‌గారూ. మీ బరువు చాలామటుకు నీళ్ళే మోస్తాయి, మోకాళ్ళమీద పడదు. కానీ అడుగడుగునా అడ్డుపడతాయి కదా, తొడ కండలకి బోలెడంత పని."

టౌన్‌షిప్ ఈతకొలను మరమ్మతులో ఉంది. అందుకని పక్క ఊరి చెరువు.

దిగగానే ఒళ్ళు తేలికైంది. నొప్పి జాడలేదు. సంబరం పట్టలేక వేగం పెంచాడు. ఎంత తొందరపడితే నీళ్ళు అంత గట్టిగా ఎదురు నెట్టాయి. పంతం ఆయనది, బురద చెరువుది. ఆ బురదంతా పైకి లేచేసరికి ఊపిరాడని చేపలు నీటిపైకి తలలెత్తాయి.

గట్టుమీద ఇప్పపూలు ఏరుకుంటున్న కోసి అనే ఆవిడ అది చూసింది. ఆ ఊళ్ళో చేపలవేటకు ఒక రోజు పెడతారు. ఆనాడు ఊరంతా ఒకేసారి దిగి, నడిచి నడిచి బురద కలిపి, పైకొచ్చిన చేపల్ని పడతారు. ఆలోగా ఎవరూ చెరువు కదపకూడదు. వేటకింకా ఇరవై ఒక్క రోజులుంది. చేపలు లేచాయని కోసి ఊరివైపు తిరిగి కేక పెట్టింది.

ఊరు బుట్టలతో వచ్చింది. చక్రధరరావు కంటికి అవి కర్రల్లా కనిపించాయి. అవతలి గట్టుకు పరుగెత్తబోయాడు. నీళ్ళలో పరుగెక్కడిది? మోకాలు ముందుకు, ఒళ్ళు వెనక్కి. చేతులు బారలు చాపి నింపాదిగా పారిపోతున్న ఆయన్ని చూసి, చేపల్ని ఆ మూలకు తోలుతున్నాడని ఊరు తీర్మానించింది. పనితనం తెలిసినవాడేనని మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఆయన గట్టెక్కేలోగా ఊరిపెద్ద హుంగా అక్కడ మంచం వేయించుకుని కూర్చున్నాడు. హుంగా కోసి భర్త. ఆమె పుట్టిల్లు తెలుగు సరిహద్దులోని పామేడు కాబట్టి ఆ ఇంట్లో తెలుగుకు లోటు లేదు.

"ఏం చేస్తున్నవ్ సాబ్?" అన్నాడు హుంగా.

"నడుస్తన్నానండి."

"నడిచెటందుకు సడక్ ఉంది గద," అంది కోసి. "నీళ్ళల్ల ఎవరన్న నడుస్తరా?"

"నీళ్ళలో బరువు తెలీదమ్మా. కండలకి మాత్రం..." అంటుండగా ఆయన లుంగీ మడతలోంచి జానెడు చేప జారిపడి గట్టుమీద గిలగిలా కొట్టుకుంది.

ఆ తరవాత ఆయన శాస్త్రం ఎవరూ వినలేదు.

కబురంది లాస్య స్కూటీమీద వచ్చింది. "నేనే పంపానండీ," అంది, కాపాడుతున్నాననుకుని.

"అయితే ఇద్దరికీ దండ్," అన్నాడు హుంగా. "ఈ మూలంత తూటికాడ కలుపు పెరిగింది. వేట దినం దాక సాబ్ రోజూ పొద్దుగాల దిగి గుంజాలె. మూల దాటొద్దు. పంపిన బిడ్డ గట్టుమీద నిలబడి చూడాలె."

తీర్పు అమలైంది. "మోకాలు పైకెత్తండి బాబాయ్‌గారూ," అని గట్టుమీంచి లాస్య. "ఇంక గట్టిగ గుంజు," అని మంచంమీంచి హుంగా. మొదటి వారం తొడలు పచ్చిపుండయ్యాయి. రెండో వారానికి ఎడమ మోకాలు మాట వినసాగింది. వేట రోజున ఊరంతా వరసకట్టి దిగితే, ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా ముందు నడిచినవాడు చక్రధరరావే.

మర్నాడు వైద్య పరీక్షలో ఆయన డంపర్ నిచ్చెన ఎక్కడా ఆగకుండా ఎక్కి, "మళ్ళీ ఎక్కమంటారా?" అని పైనుంచి డాక్టరుగారిని అడిగాడు. వద్దన్నారు. సీట్లో కూర్చున్నాక ఆనందంతో కళ్ళు చెమర్చాయి. కొండంతా వినబడేలా హారన్ కొట్టాడు.

సాయంత్రం మిఠాయి పొట్లంతో హుంగా ఇంటికి వెళ్ళాడు. ఇరవై ఒక్క రోజులు మంచం దిగకుండా కాపలా కాసిన హుంగా, రెండు మోకాళ్ళూ పట్టుకుని మూలుగుతూ లేచాడు. కోసి లోపలికి వెళ్ళేదాకా ఆగి, అదే దండ్ పడేలా ఊరిపెద్ద చేయదగిన చిన్న తప్పు ఏదైనా ఉంటే చెప్పమని రహస్యంగా అడిగాడు.