వాపు చూసి బలుపనుకున్న ఆఫీసు

ఆ సోమవారం పొద్దున కాంతయ్య పెట్టుకున్న పని ఒక్కటే: ఎవరికీ తెలియకుండా తన కాళ్ళ సంగతి తాను చూసుకోవడం. మలేషియాలోని సైబర్‌జయలో వాటర్ హీటర్ల మీద ఫిర్యాదులు వినే ఆఫీసులో ఏళ్ళ తరబడి కూర్చున్నందుకు అతని ఎడమ పిక్క మీద నరాలు కాకర తీగల్లా మెలికలు తిరిగి ఉబ్బాయి. సాయంత్రానికి మడమ వాచేది. నరాల్లో రక్తాన్ని కిందికి జారనివ్వని చిన్న తలుపులుంటాయని, అవి వదులైపోయాయని డాక్టరు చెప్పాడు. పిక్క కదిలితేనే రక్తం పైకెక్కుతుంది కాబట్టి మాటిమాటికీ లేచి నడవాలి, మునివేళ్ళ మీద లేచి దిగాలి, వీలు దొరికితే కాళ్ళు ఒక పావుగంట గుండె కంటే ఎత్తున పెట్టుకోవాలి, బరువు తగ్గాలి, పొద్దున్నే బిగుతు మేజోళ్ళు తొడుక్కోవాలి.

ఆ మేజోడు తొడగడానికి మొగుడూ పెళ్ళాలిద్దరూ కావలసివచ్చింది. భార్య రత్నావతి మంచం అంచున కూర్చుని లాగుతూ ఊపిరి బిగబట్టమంది.

"కాలికి ఊపిరేటే," అన్నాడు కాంతయ్య.

తీరా ఎక్కాక అది ఒంటి రంగులో, అచ్చం ఆడవాళ్ళ మేజోడులా కనిపించింది. అతను ప్యాంటు కిందికి లాక్కుని, ఈ సంగతి ఎక్కడా అనొద్దని భార్యకు గట్టిగా చెప్పి బయలుదేరాడు. ఆవిడ రోజూ ఫోన్లో కబుర్లాడే స్నేహితురాలి కూతురు నటాలీ అతని ఆఫీసులోనే పనిచేస్తుంది మరి.

ఆఫీసులో చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ నడిచాడు. అడ్డచెక్కల వెనక నిలబడి మునివేళ్ళ మీద లేచాడు, దిగాడు. ఇవతలి వాళ్ళకు మాత్రం చెక్క మీదుగా ఒక తల పైకొచ్చి, తమ కంప్యూటర్ చూసి, మళ్ళీ మాయమైనట్టు కనిపించింది. ఆ సమయానికి చీరలు చూసుకుంటున్న నటాలీ ఠక్కున ఫిర్యాదుల పేజీ తెరిచింది. మనుషుల్ని తగ్గించడానికి హెడ్డాఫీసు కాంతయ్యను నిఘాకు పెట్టిందని టీ వేళకే అందరూ తేల్చేశారు.

మధ్యాహ్నం అతను ఖాళీ మీటింగు గదిలో కుర్చీ వెనక్కి వాల్చి, కాళ్ళు బల్ల మీద పెట్టుకున్నాడు. తలుపు తీసిన మేనేజరు లోగేశ్వరన్‌కు ముందుగా రెండు పాదాలు కనిపించాయి. ఎప్పుడూ లేచి నిలబడే కాంతయ్య కాళ్ళు దించకుండానే, ఇంకో పది నిమిషాలాగి రమ్మన్నాడు. డాక్టరు చెప్పిన గడువు ఇంకా తీరలేదని అతని బాధ. ఇంత ధైర్యం వెనక ఎవరుండాలో ఊహించుకుని లోగేశ్వరన్ చప్పుడు కాకుండా తలుపు మూశాడు. కాసేపటికి కాంతయ్య బల్ల మీదికి తేతారిక్ టీ, పళ్ళెం నిండా నూనెలో వేగిన కరిపాప్‌లు వచ్చాయి. బరువు తగ్గాల్సినవాడు మర్యాద కోసం అన్నీ తిన్నాడు.

సాయంత్రం నటాలీ పక్కన చేరింది. "అంకుల్, నిజం సెప్పండి. ఏటి జరగతాంది?"

పెళ్ళాం నోరు ఆగలేదనుకుని కాంతయ్య నీరుగారిపోయాడు. "నీకు తెలిసిపోనాదా? ముందు ఎడం పక్క మొదలయినాది. ఇప్పుడు కుడి పక్క కూడా సూస్తన్నారు."

నటాలీ కుర్చీ ఎడమ పక్క వరుసలోనే ఉంది. ఆమె గొంతు తగ్గించింది. "తీసేస్తారా అంకుల్?"

"మరీ ముదిరితే తీసేస్తారులే. ఇప్పుడు కొయ్యడం కూడా లేదంట, లోపల్లోపలే మూసేస్తారు. దినమంతా కూకునోళ్ళకి ఎవలికైనా వస్తాది. లేసి తిరిగినోళ్ళు తప్పించుకుంటారు. ఎవలికీ సెప్పకు, పరువు పోతాది."

నటాలీ ఎవరికీ చెప్పలేదు, అందరికీ చెప్పింది.

మంగళవారం పొద్దున ఆఫీసులో ఒక్కరూ కూర్చోలేదు. ఎడమ వరుసవాళ్ళు ఏడుస్తూ తిరుగుతున్నారు, కుడి వరుసవాళ్ళు వాళ్ళను ఓదారుస్తూ తిరుగుతున్నారు. ఫోన్లు వాటి మానాన అవి మోగుతున్నాయి. సరిగ్గా అప్పుడే, ఎన్నిసార్లు చేసినా ఫోనెత్తడం లేదేమిటని హెడ్డాఫీసు నుంచి డైరెక్టరు పునిత దిగింది. ఇదంతా మీరు పంపిన కాంతయ్య ఆజ్ఞే మేడం అన్నాడు లోగేశ్వరన్. తానెవరినీ పంపలేదని, ఆ మనిషి ముఖం చూడటం ఇదే మొదటిసారని ఆవిడంది.

ఆఫీసంతా తనవైపే చూస్తుంటే కాంతయ్యకు ఉద్యోగం పోయినట్టే అనిపించింది. ఉద్యోగం కంటే సిగ్గు ఎక్కువేమీ కాదనుకుని, కుర్చీ మీద కాలు పెట్టి, ప్యాంటు పైకి మడిచి మేజోడు దించాడు. తీగలన్నీ బయటపడ్డాయి.

"అంకుల్, అయితే ఎడం పక్కంటే?" అంది నటాలీ.

"ఎడం కాలే," అన్నాడు కాంతయ్య.

ఎవరో నవ్వబోయి, పునిత ముఖం చూసి దగ్గుగా మార్చుకున్నారు. ఆవిడ లోగేశ్వరన్‌ను గదిలోకి పిలిచి చాలాసేపు మాట్లాడింది. ఎవరినీ తీసేసే ఆలోచన హెడ్డాఫీసుకు అంతవరకూ లేదు. కానీ ఒక పుకారు మొదలైతే అది నిజమో కాదో ఫోన్ చేసి కనుక్కోవాలనైనా తోచని మేనేజరును చూశాక ఆ ఆలోచన వచ్చిందట. చివరికి లోగేశ్వరన్ ఇపో అనే ఊళ్ళోని బ్రాంచికి బదిలీతో బయటపడ్డాడు. ఒక్క మాటతో ఆఫీసు మొత్తాన్ని కుర్చీల్లోంచి లేపినవాడికి మళ్ళీ కూర్చోబెట్టడమూ చేతనవుతుందని ఆవిడ ఆ పదవి కాంతయ్యకిచ్చింది.

అతను పదవి తీసుకున్నాడు. కుర్చీ మాత్రం వద్దన్నాడు.